అవతలొడ్డు గురువారం

పాడ్యమి, గురువారం

మొదటి రెండు తొట్లలో గ్యాసు బాగా పట్టింది. మూడో తొట్టి మందకొడిగా ఉంటే మూత తీయించి కలిపించాను. కోత పడవలు తూర్పు కాలవ నుంచి, తొట్లలో మురగబెట్టి గ్యాసు తీయడానికి, గుర్రపుడెక్క నిండుగా తెచ్చాయి. లాంచీలన్నీ వేళకే కదిలాయి. మిల్లు దినచర్యలో ఇంతవరకు రాస్తే చాలు. కానీ ఇవాళ ఇక్కడితో ఆపేస్తే నా కడుపు ఉబ్బిపోతుంది.

గెలిచాను! రేవుగోలలో ఈ వారం నేనే గెలిచాను!

నా తరవాత ఈ మిల్లు చూసుకోబోయేవాళ్ళు ఇది చదివి తికమకపడకుండా చెబుతున్నాను. రేవుగోల అంటే మా లంకవాళ్ళందరం ఫోన్లలో చేరి వాదించుకునే చోటు. ఏ ఇంధనం మంచిది, ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ దొంగది, పాతకాలపు పెట్రోలు బండ్లు నిజంగానే అంత జోరుగా పోయేవా, ఇలాంటివే. కూర కలుపుతూ వాదిస్తాం, వల విసురుతూ వాదిస్తాం. మా వైపు తిట్టుకున్నా ‘అండీ’ అనే తిట్టుకుంటాం కాబట్టి బయటివాళ్ళకి అది గొడవలా కనిపించదు. ఆ గోలకి పెద్దరికం నాది. సముద్రం పైకొచ్చి ఊళ్ళన్నీ లంకలైపోయిన కొత్తలో ఈ వాదనలు ముదిరి తెడ్లతో తలలు పగలగొట్టుకున్నారట. అప్పుడు పెట్టుకున్నారు ఈ కట్టుబాటు. గురువారం నాడు ఎవరి పక్షం వాళ్ళు మాట్లాడకూడదు. అవతలి ఒడ్డున నిలబడి, అవతలివాళ్ళ మాటని వాళ్ళకంటే బాగా చెప్పాలి. దీన్ని మేం అవతలొడ్డు అంటాం. ఎవరు బాగా చెబితే వాళ్ళకి వారమంతా లాంచీలో ముందు బల్ల.

ఇవాళ్టి వాదన, తెరచాప కంపెనీవాళ్ళ సీలు వేసిన ఇంధనం డబ్బా మేలా, మన గుర్రపుడెక్క గ్యాసు మేలా అని. ఈ మిల్లు కట్టినదాన్ని నేను. అందుకని డబ్బా పక్షాన రాయాల్సింది నేను. రాశాను చూడండి! ‘ఈ మిల్లు నా చేత్తో కట్టాను. నా నోటితోనే చెబుతున్నాను, దీని కాలం చెల్లిపోయింది. దీని కంపు భరించలేక మా పిల్లి కూడా ఇల్లు విడిచిపోయింది. డబ్బా బిగించు, బొత్తాం నొక్కు, ఒడ్డు చేరుకో. తెరచాపవాళ్ళని రమ్మనండి, మిల్లుకి నేనే తాళం వేసి తాళంచెవి వాళ్ళ చేతిలో పెడతాను.’ లంక లంకంతా పడీపడీ నవ్వింది. పిల్లి సంగతి నిజం కాదు. అది ఇప్పుడు కూడా నా కాళ్ళ దగ్గరే ఉంది.

నా పక్షాన రాయాల్సింది పెనుమత్స జగ్గరాజు గారు. ఎగువ నగరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి రిటైరై వచ్చిన మనిషి. నేను ఔనంటే ఆయన కాదంటారు. కంపెనీలంటే ప్రాణం, నా గ్యాసంటే ముక్కు మూసుకుంటారు. పాపం, నాలుగు ముక్కలు రాసి చతికిలబడ్డారు. సాయంత్రం ఫోన్ చేశారు.

“ఏవండీ రత్నమ్మ గారూ, నా వాదన నాకంటే మీరే బాగా రాసేస్తే ఇంక నేనెందుకండీ ఈ లంకలో?”

“వెనక బల్ల మీద కూర్చోడానికండీ. అక్కడ గ్యాసు వాసన బాగా తగులుద్ది” అన్నాను.

తదియ, శనివారం

పొద్దున్నే అన్ని లాంచీల మెదడు పెట్టెలూ ఒక్కసారి కూశాయి. ఇంజను ఎప్పుడు వెలగాలో, ఏ ఇంధనం తాగాలో చెప్పే పెట్టె అది. లాంచీ మాది, ఇంజను మాది, పెట్టెలో సాఫ్ట్‌వేర్ మాత్రం తెరచాపది. తెర మీద ఇలా వచ్చింది: ‘మీ ఊరి మాట విన్నాం. మీ కోరిక ప్రకారం పున్నమి సూర్యాస్తమయం నుంచి మీ లాంచీలు తెరచాప డబ్బాలతో మాత్రమే నడుస్తాయి. మరే ఇంధనాన్నీ ఇంజను స్వీకరించదు.’

కోరికా? ఎవరు కోరారండీ?

వినికిడిని అడిగాను. ఓట్లు పోయి వినికిడి వచ్చాక ఎవరూ ఎవర్నీ ఏదీ అడగడం లేదు. జనం రాసుకునేదంతా ఆ యంత్రం చదువుతుంది, తూస్తుంది, ఊరి మనసు ఇదీ అని తేలుస్తుంది. ఇక కంపెనీ అయినా సర్కారైనా దాని ప్రకారం చేసుకుపోవడమే. లైన్లో నిలబడే బాధ తప్పిందని మొదట్లో మేం కూడా చంకలు గుద్దుకున్నాం.

వినికిడి నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది. “మీ ఊరిలో అన్నిటికంటే బరువైన మాట మీదే. గ్యాసు పక్షాన ఏళ్ళ తరబడి గట్టిగా నిలబడిన మనిషి మనసు మార్చుకున్నారు. మనసు మార్చుకున్న మాటకి బరువు ఎక్కువ.”

“అది ఆట! గురువారం ఆట!” అని అరిచాను. 

“మళ్ళీ మార్చుకున్న మాటని ఊగిసలాటగా లెక్కిస్తాం. ఊగిసలాటకి బరువు లేదు. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?”

దానికి గురువారం అంటే ఏమిటో తెలియదు. ఎలా తెలుస్తుంది? తన మాట పక్కనపెట్టి వారానికోసారి ఎదుటివాడి మాట మాట్లాడే ఊరు ఇంకెక్కడైనా ఉంటే కదా!

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మరీ మంచిదైపోయి ఊరి కొంప ముంచేలా ఉంది. పున్నమి దాటితే ఈ మిల్లు ఆగిపోతుంది. తొట్లు ఎండిపోతాయి. కోత పడవల మీద బతికే ఆడవాళ్ళందరూ ఇళ్ళలో కూర్చోవాలి. ఎవరో నగరంలో కూర్చుని డబ్బా పంపితేనే మా లాంచీ కదలాలి. తలచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

అయినా ఒక్క మాట రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. అంత పెద్ద యంత్రాన్ని నమ్మించేలా రాశానంటే నా చెయ్యి సామాన్యమైందా?

పంచమి, సోమవారం

గ్యాసు ఒత్తిడి బాగుంది. ఊరి తీరే బాగాలేదు.

పొద్దున్నే అందరికీ కబురు పెట్టాను. ‘ఇవాళ అందరూ రేవుగోలలో ఒకటే రాయండి. మాకు మా గ్యాసే కావాలని రాయండి. వినికిడి మనసు మార్చుకుంటుంది.’ అందరూ సరేనన్నారు. రాయడం మొదలుపెట్టారు.

‘మాకు మా గ్యాసే కావాలి.’ బాగుంది. ‘మాకు మా గ్యాసే కావాలి, అది పడమటి కాలవ డెక్కతో చేసినదైతే మరీ మంచిది.’ సరే, పోనీలే అనుకున్నాను. ‘పడమటి కాలవదా? ఆ గ్యాసుతో చారు కూడా మరగదండీ!’ ‘తూర్పోళ్ళు చారు తప్ప ఇంకేం తాగారు గనకండీ!’ అక్కడి నుంచి పాత పెట్రోలు బండ్లు వచ్చాయి. ఎవరి తాతగారి బండి ఎంత జోరుగా పోయేదో వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎవరి బావమరిదిని ఉద్యోగంలోంచి తీసేసిందో వచ్చింది. మధ్యాహ్నానికి అసలు సంగతి గంగలో కలిసింది.

వీటన్నిటి మధ్యలో జగ్గరాజు గారు తాపీగా రాశారు: ‘నా మాట మొదట్నుంచీ ఒకటే. డబ్బాయే మేలు. ఊరికి ఇష్టం లేకపోతే ఊరు వద్దనుకోవచ్చు. నేను మాత్రం నమ్మని మాట రాయను.’

సాయంత్రం వినికిడి తేల్చింది. ఊరు చీలి ఉందట. అందుకని పాత నిర్ణయమే అమలవుతుందట.

వెంటనే రాజుగారికి ఫోన్ కలిపాను. “ఒక్కరోజు నోరు కట్టేసుకోలేకపోయారా అండీ? మీ నోట్లో మన్నుపొయ్య!”

“నమ్మని మాట గురువారం రాస్తానండి, అది ఆట. సోమవారం రాయనండి. మీరైతే రాస్తారా?”

నేను ఫోన్ పెట్టేశాను. రాయను. అదే కదా నా బాధ. ఈ లంకలో నాలాగే మాటకి కట్టుబడే మనిషి ఒక్కరున్నారు, ఆయన అవతలి పక్షంలో ఉన్నారు.

సప్తమి, బుధవారం

తెరచాప కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు నఫీసా. కర్నూలు వైపు పిల్ల, ఇంజనీరు. చిన్న పడవలో వచ్చి లాంచీ ఇంజన్లన్నీ కొలుచుకుంది. వారంలో డబ్బాలు వేసుకుని పెద్ద పడవలో వస్తానని చెప్పింది. ముందు కస్సుమందామనే అనుకున్నాను. కానీ వచ్చీ రాగానే తొట్ల దగ్గరికి వెళ్ళి, మూత తీసి చూసి, “ఇదంతా మీరే కట్టినారా అమ్మా?” అని కళ్ళు పెద్దవి చేసింది. ఇంకేం కస్సుమంటాను? కూర్చోబెట్టి చేపల పులుసుతో అన్నం పెట్టాను.

తింటూ తింటూ జరిగింది విన్నది. నవ్వాపుకోలేక పొలమారింది. తరవాత సీరియస్‌గా ఆలోచించింది.

“నేను కంపెనీ మనిషిని, నేను చెప్పినా వినికిడి లెక్కలోకి తీసుకోదమ్మా. మీరు చెప్పినా బరువు లేదు. డబ్బా పక్షాన ఏళ్ళ నుంచీ గట్టిగా నిలబడినవాళ్ళు ఎవరైనా మనసు మార్చుకుంటే అప్పుడు తూకం తిరగబడుతుంది. మీ మాటకి ఎంత బరువు పడిందో ఆ మాటకీ అంతే పడుతుంది. అట్లాంటివాళ్ళు ఉన్నారా మీ ఊర్లో?”

పక్కనే డెక్క గంపలు కడుగుతున్న నూకాలు, నేను మొహమొహాలు చూసుకున్నాం. కోత పడవలకి పెద్ద నూకాలు. మాటలో దురుసు, చేతిలో కొడవలి ఎప్పుడూ ఉంటాయి.

“ఉన్నారండి” అంది నూకాలు. “ఆయన మనసు మారడం కంటే గోదారి ఎనక్కి పారడం తేలికండి.”

తరవాత నాతో గట్టిగానే చెప్పింది. “రేపట్నించి కోతకి పోవట్లేదక్కా. పున్నమికి తొట్లే మూసేత్తంటే ఆ డెక్క తెచ్చి నెత్తినెట్టుకోవాలా? మావోళ్ళందరిదీ అదే మాట.”

తొట్లలో పున్నమి దాకా సరిపడా ఉంది. గంపలు లోపల పెట్టించేశాను.

దశమి, శనివారం

కోత లేదు. తొట్టి ఒకటిలో గ్యాసు తగ్గుతోంది.

మధ్యాహ్నం జగ్గరాజు గారింటికి వెళ్ళాను. మునిగిపోయిన బస్టాండు మిద్దె మీద కర్రలు పాతి కట్టుకున్న ఇల్లు ఆయనది. దారిలో తెడ్డుకి డెక్క చుట్టుకుంటుంటే విదిలించుకుంటూ వెళ్ళాను. నన్ను చూడగానే కుర్చీ వేశారు. మజ్జిగ ఇచ్చారు.

“నఫీసా గారు చెప్పారండి. నా మాటకి అంత బరువుందంట కదా. గురువారం ఆటలో నేను రాసిన నాలుగు ముక్కలూ పేలవమని వినికిడి లెక్కెయ్యనే లేదంట” అన్నారు. “అడగండి మరి.”

“అడగను” అన్నాను. “మీచేత అబద్ధం రాయించుకుని నా మిల్లు నిలబెట్టుకునే ఖర్మ నాకు పట్టలేదు.”

“అయితే ఒప్పించండి.”

ఒప్పించడానికే వెళ్ళాను. పొద్దు వాలేదాకా వాదించాను. మన ఇంధనం మన చేతిలో ఉంటుందన్నాను. లాంచీ సాఫ్ట్‌వేర్ ఎలాగూ మన చేతిలో లేదు కదండీ అన్నారు. డెక్క ఊరికే దొరుకుతుందన్నాను. కొయ్యడానికి ఎన్ని నడుములు విరుగుతున్నాయో చూడండన్నారు. డబ్బాతో లాంచీ జోరుగా పోతుంది, పొగ లేదు, కంపు లేదు, పసిపిల్లలకి దగ్గు రాదు అన్నారు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. అదే నా మంట. అబద్ధాలు చెబితే చీల్చి చెండాడేదాన్ని.

చివరికి లేచాను. ఆయన మెట్ల దాకా వచ్చి, “మీ మిల్లు పోతే నాకు సంతోషం అనుకుంటున్నారేమో” అన్నారు. “మీరు లేకపోతే నేను ఎవరితో వాదించుకోవాలండీ? కానీ నమ్మకుండా రాస్తే, రేపటి నుంచి నా మాటని నేనే నమ్మను.”

ఆయన మీద కోపం రావాలి కదా, రాలేదు. ఇంటికి వచ్చి పిల్లిని తిట్టాను.

త్రయోదశి, మంగళవారం

పొద్దున వంటలో ఉండగా రాజుగారి ఫోన్.

“రత్నమ్మ గారూ, మేం కదల్లేకపోతున్నామండీ.”

డబ్బాల పడవకి దారి చూపిస్తానని ఈయన పాత ఫ్లైఓవరు సంత దగ్గర నఫీసా పడవ ఎక్కారట. తూర్పు కాలవలో సగం దూరం వచ్చి ఆగిపోయారు.

“బొత్తాం నొక్కండి! డబ్బా అంటే బొత్తాం నొక్కి ఒడ్డు చేరుకోవడమే కదండీ!” అన్నాను. నవ్వొచ్చేసింది, ఏం చేయను?

“నొక్కామండి. డబ్బా బాగానే ఉందండి. నీళ్ళే కనపడ్డం లేదండి.”

వెళ్ళి చూస్తే నా నవ్వు ఆగిపోయింది. తూర్పు కాలవ కాలవలా లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పచ్చగా మూసుకుపోయింది. కోత ఆపి వారం కూడా కాలేదు. వరద తరవాత పుట్టిన డెక్క ఇది, రాత్రికి రాత్రే పాకుతుంది. మధ్యలో కంపెనీ పడవ, దాని ఇంజను ఫ్యానుకి మూరల కొద్దీ వేళ్ళు చుట్టుకుని ఉన్నాయి. రాజుగారు డబ్బాల పెట్టె మీద గొడుగు వేసుకుని కూర్చున్నారు. 

నూకాలుకి కబురు పెట్టాను. “రానక్కా, ఆళ్ళ డబ్బాలు ఆళ్ళే మోసుకోమను” అంటూనే వచ్చింది, తనతోపాటు కోత పడవలన్నీ వచ్చాయి. ఆడవాళ్ళు నడుం లోతు దిగి కొడవళ్ళతో కోస్తూ, గెడలతో నెడుతూ, డెక్కని పడవల్లోకి ఎత్తుతూ దారి తీశారు. నఫీసా కూడా ప్యాంటు మడుచుకుని దిగింది. పొద్దు పడమటికి తిరిగేదాకా పట్టింది.

రాజుగారు గొడుగు ముడిచేశారు. వాళ్ళు కోసినకొద్దీ వెనకాల నీళ్ళు తేటగా తెరుచుకోవడం చూస్తూ ఎండలోనే కూర్చున్నారు. అది చూసి నాకు భయమేసింది. వడదెబ్బేమోనని కోత పడవలోంచి కంపెనీ పడవలోకి ఎక్కాను.

“ఏవండీ, మంచినీళ్ళు తాగుతారా?”

“రత్నమ్మ గారూ” అన్నారు. “మీ గ్యాసు కోసం కొయ్యబట్టి కదండీ ఈ కాలవ తెరిచి ఉంటున్నది?”

నేను అందించబోయిన నీళ్ళ చెంబు కింద పెట్టాను.

“మనం ఇన్నేళ్ళూ ఏ ఇంధనంతో లాంచీ జోరుగా పోద్ది అని కొట్టుకున్నామండి. లాంచీ పోవడానికి దారి ఎవరిస్తున్నారో ఒక్కళ్ళం మాట్లాడలేదు. డబ్బాలు వస్తే కోత ఆగుద్ది. కోత ఆగితే దారే ఉండదు. అప్పుడు డబ్బా ఎంత మంచిదైతే ఏం లాభమండీ?”

ఒట్టేసి చెబుతున్నాను, ఈ ముక్క నాకు ఏనాడూ తట్టలేదు. మిల్లు కట్టినదాన్ని నేను, రోజూ డెక్క తూచేదాన్ని నేను. రోజూ అన్నం తినేవాళ్ళు కంచం గురించి మాట్లాడరు కదా, అలా అయిపోయింది. నా పక్షాన ఉన్న అసలైన వాదన నా ప్రత్యర్థి కనిపెట్టారు. అది కూడా గురువారం కాదు, మంగళవారం.

“అయితే ఒప్పుకున్నట్టేనా అండీ?” అన్నాను.

“పడవలో కూర్చోబెట్టి ఏడిపించకండి” అన్నారు. “ఇంటికెళ్ళి ఆలోచించుకోనివ్వండి.”

చతుర్దశి, బుధవారం

పొద్దున్నే రాజుగారు మిల్లుకి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. మిల్లులోకి ఆయన అడుగుపెట్టడం ఎన్నడూ చూడలేదు. రాత్రి మా ఇంట్లోనే పడుకున్న నఫీసా కూడా అక్కడే ఉంది.

“రాస్తానండి” అన్నారు.

నఫీసా వెంటనే అంది. “సార్, ఒక్క మాట. ఈ రోజు రాయద్దు. రేపు సాయంత్రం, నిర్ణయం అమలయ్యే ముందు కదా ఆఖరి తూకం, రేపు రాయండి. రేపు గురువారం. వినికిడికి గురువారం తెలీదు, మీ మాటని అట్లే లెక్కేసుకుంటుంది. ఊర్లోవాళ్ళు మాత్రం ఆట అనుకుంటారు. మిమ్మల్ని ఎవరూ ఎగతాళి చేయరు.”

ఎంత తెలివైన పిల్లండీ! నాకూ అదే మంచిదనిపించింది. రేవుగోల మొదలైనప్పటి నుంచి ‘నేను ఓడిపోయాను’ అని గురువారం కాని సొంత రోజున రాసినవాళ్ళు ఒక్కరూ లేరు. రాస్తే మనవల కాలం దాకా ఆ మనిషిని వదలరు మా వాళ్ళు. “అలాగే చేయండి రాజుగారూ” అని నేను కూడా అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. “రేపు రాస్తే ఆటండి. ఇవాళ రాస్తే నా మాటండి.”

మిల్లు అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, రెండు వేళ్ళతో నెమ్మదిగా కొట్టారు. అది ఇక్కడ ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

‘నేను పెనుమత్స జగ్గరాజుని. ఇది నా సొంత రోజు, ఇది నా సొంత మాట. డబ్బా మంచి వస్తువు, ఇప్పటికీ అదే అంటాను. కానీ మన లంకకి దారి ఇస్తున్నది గుర్రపుడెక్క గ్యాసు. దానికోసం కోసే చేతులు ఆగిపోతే మన కాలవలు మూసుకుపోతాయి. నిన్న కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళ నా వాదనలో ఈ సంగతి లేదు. ఈ లంకలో లాంచీలు గ్యాసుతోనే నడవాలి. ఈ వాదనలో నేను ఓడిపోయాను. రత్నమ్మ గారు గెలిచారు.’

చదివి ఏడ్చేశాను. సిగ్గేమీ పడలేదు. ఆ మాట కోసం ఎన్నేళ్ళు కాచుకున్నానో నాకే తెలుసు, వచ్చినప్పుడు ఏమని ఎగతాళి చేయాలో కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఇలాంటి మనిషితోనా నేను ఇన్నాళ్ళూ పోట్లాడింది అని గుండె ఉప్పొంగిపోయింది.

అంతలో నఫీసా నా ఫోన్ చూపించింది. ఆయన మాట కింద అప్పుడే పదిమంది రాస్తున్నట్టు గుర్తులు మెరుస్తున్నాయి. మా వాళ్ళు కదా! మెచ్చుకుంటూ మొదలుపెడతారు, రెండో వాక్యానికి పడమటి కాలవ వస్తుంది, రేపటి తూకంలో ఊరు చీలి ఉందని వినికిడి తేలుస్తుంది. గోలకి పెద్దని నేనే కదా, దానికి తాళం వేసేద్దామనుకున్నాను. “వెయ్యద్దమ్మా, మాట నొక్కేశారని వినికిడి మొత్తం కొట్టేస్తుంది” అంది నఫీసా. “వాళ్ళంతట వాళ్ళే ఊరుకోవాలి.”

మా లంక ఊరుకోవడమా?

మిల్లు బూర మోగించాను. జనం రాస్తున్నది రాస్తున్నట్టే వదిలేసి రేవుకి పరిగెత్తుకొచ్చారు. తొట్టి గట్టెక్కి అరిచాను. “రేపు సాయంత్రం దాకా ఎవరూ ఒక్క అక్షరం రాయకండి! తిట్టొద్దు, మెచ్చుకోవద్దు, నవ్వు బొమ్మ కూడా పెట్టొద్దు! రాజుగారి మాట ఒక్కటే ఉండాలి. మీకు దణ్ణం పెడతాను!”

“రేపు గురువారం కదండీ, అవతలొడ్డు ఎలా మానేత్తాం?” అన్నారు ఎవరో వెనక నుంచి.

నూకాలు కొడవలి నడుముకి దోపుకుని ముందుకొచ్చింది. ఖాళీ డెక్క గంప రేవు మెట్ల మీద బోర్లించి, దులిపి, మళ్ళీ తిప్పి పెట్టింది. తన ఫోన్ అందులో పడేసింది. 

“ఆయన అంత మాట రాసేరు. మనం రెండ్రోజులు నోరు మూసుకోలేమేటి?” అంది.

ఒక్కొక్కరే వచ్చి వేశారు. సాయంత్రానికి ఆ గంప మోయడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

పున్నమి, గురువారం

కోత పడవలు తెల్లారకముందే వెళ్ళాయి. తొట్లలో కొత్త డెక్క పడింది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళారు. అది మాత్రం తప్పకుండా రాయాలి.

ఆ కట్టుబాటు పెట్టుకున్నాక అవతలొడ్డు లేని గురువారం ఇదే. పొద్దున్నుంచీ జనం రేవులోనే ఉన్నారు. ఫోన్లు లేక చేతులు ఏం చేసుకోవాలో తెలియక వలలు బాగు చేశారు, మెట్లు కడిగారు, ఒకరి తల ఒకరు దువ్వుకున్నారు. ఒకాయనైతే గంప దగ్గరికి మూడుసార్లు వచ్చి మూడుసార్లూ వెనక్కి వెళ్ళాడు. “ఊరికే టైము చూసుకుందామని” అన్నాడు. నూకాలు కొడవలితో సూర్యుణ్ణి చూపించింది. రాజుగారిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆయన పక్కన కాసేపు కూర్చుని, టీ ఇచ్చి పోయారు. మా వాళ్ళలో ఇంత మర్యాద దాగి ఉందని నాకే తెలియదు. ఈ ఊరికి పెద్దరికం చేస్తున్నందుకు ఇవాళ నా తల ఎక్కడ ఆగిందో చెప్పలేను, ఆకాశంలోనే ఉంది.

పొద్దు గుంకింది. లాంచీల మెదడు పెట్టెలు ఒక్కసారి కూశాయి. ఎవరూ కదల్లేదు. నఫీసాని చదవమన్నాను.

“మీ ఊరి మాట విన్నాం” అని చదివింది నఫీసా. “పాత నిర్ణయం రద్దయింది. మీ లాంచీలు మీ గ్యాసుతోనే నడుస్తాయి. ఈ రెండు రోజుల్లో మీ ఊరి నుంచి ఒక్క మాటే వినిపించింది. దానికి ఎదురుమాట లేదు.”

ఎదురుమాట లేదు! మా లంకలో! రేవంతా ఒక్కటే కేక పెట్టింది. నూకాలు లాంచీలోకి దూకి ఇంజను తిప్పింది, అది గుడగుడమని లేచింది. నఫీసా నన్ను కౌగిలించుకుంది. ఆడవాళ్ళు కొడవళ్ళు పైకెత్తి ఊపారు. జనం గంప మీద పడి ఎవరి ఫోన్ ఏదో తెలియక తోసుకుంటున్నారు.

నేను వెళ్ళి మెట్ల మీద రాజుగారి పక్కన కూర్చున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఇన్నేళ్ళలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఏమీ మాట్లాడుకోకపోవడం ఇదే మొదటిసారి.